అడవిలో విడిది

అమరావతి పరిసరములందు నివసించువారికి చదునైన నేలయే పరిచయము. కనుచూపు మేర ప్రత్తిచేలు, మిరపచేలు, నడుమ నడుమ ఊళ్లు కానవచ్చును. ఎంత చీకటి రాత్రియైనను దూరమున ఏదో యొక దీపము వెలుగుచుండును. ఇట్టి నేలపై పెరిగినవారు నరసరావుపేట, వినుకొండల మీదుగా పడమరకు సాగి దోర్నాల దాటినచో, వారి యెదుట వేరొక లోకము నిలుచును. అదియే నల్లమల.

తూర్పు కనుమలలో భాగమైన ఈ అడవి పులులకు, చిరుతలకు, ఎలుగుబంట్లకు, దుప్పులకు, కణుజులకు నివాసము. ఇందు నాగార్జునసాగరు, శ్రీశైలముల నడుమనున్న ప్రాంతము 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకమున చేర్చబడినది. దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు ఘాట్ రోడ్డుపై రాత్రివేళ వాహనములను అనుమతింపరు. చీకటి పడిన పిమ్మట ఆ దారి మృగములదే యని దాని భావము.

అట్టి అడవిలో మనుష్యులు రాత్రులు గడుపుట క్రొత్త కాదు. ఆత్మకూరు దిక్కునుండి శ్రీశైలమునకు ప్రాచీనమైన కాలిబాట కలదు. మహాశివరాత్రికి యాత్రికులు వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలనుల మీదుగా కొండ లెక్కి కైలాసద్వారము చేరుదురు. నడుమ పెచ్చెరువు వద్ద చెట్ల క్రింద, తాత్కాలికమైన పందిళ్ల క్రింద విశ్రమించుదురు. 14వ శతాబ్దమున అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. మన మైదానమునకు, ఆ కొండకు గల సంబంధము అంత పాతది. నేడు ఆత్మకూరునకు సమీపమున బైర్లూటి వద్ద అటవీశాఖవారి విడిది కలదు. అచ్చటి చెంచులు సందర్శకులకు దారి చూపుదురు.

అయితే అడవిలో గుడారము వేసికొనుట ఊరి తోటలో విందు చేసికొనుట వంటిది కాదు. మొదట అటవీశాఖ అనుమతి పొందవలెను. కోరిన చోటెల్ల దిగుటకు వీలులేదు. అధికారులు చూపిన చోట ఎత్తైన, చదునైన నేలను ఎంచుకొనవలెను. ఎండిన వాగు ఇసుక మెత్తగా నున్నదని అందులో పడుకొనరాదు. ఎచ్చటనో కొండపై కురిసిన వానకు ఆ వాగు క్షణములో పొంగవచ్చును. ఎండుకొమ్మల క్రిందను గుడారము వేయరాదు. ఆహారమును మూతగల డబ్బాలలో నుంచవలెను. లేనిచో దాని వాసనకు ఎలుగుబంటి రావచ్చును. ప్రొద్దున చెప్పులు తొడుగుకొనుటకు ముందు దులుపుకొనవలెను. వానిలో తేలు దూరియుండవచ్చును. వాగునీటిని కాచి త్రాగవలెను. ఆ నీటికి దూరముగా జానెడు లోతు గుంట త్రవ్వి మలవిసర్జన చేసి, మన్నుతో కప్పవలెను.

ఈ నియమములు మన క్షేమము కొరకు. వీనికంటె ముఖ్యమైన నియమములు రెండు గలవు. అవి అడవి క్షేమము కొరకు.

మొదటిది నీటి చెంత విడియకుండుట. వేసవిలో వాగు లెండి, అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగులును. మృగములు ఎక్కువగా రాత్రివేళ దాహము తీర్చుకొన వచ్చును. మనము దీపములు పెట్టి, కేకలు వేయుచు మడుగు ప్రక్కన కూర్చున్నచో, అవి దూరమున నిలిచి నిలిచి దప్పికతోనే మరలిపోవును. మనకు ఒక రాత్రి వినోదము, వానికి ప్రాణసంకటము.

రెండవది నిప్పు విషయమున జాగరూకత. శివరాత్రి నాటికి నల్లమలలో ఆకులు రాలుచుండును. గడ్డి, వెదురు ఎండియుండును. ఆర్పక విడిచిన ఒక్క కొరివి, పారవేసిన ఒక్క చుట్టపీక చాలును, గాలికి మంట కొండ నెక్కును. గ్రుడ్లు పొదుగు పక్షులు, లేత మొక్కలు బూడిద యగును. నష్టము అంతటితో ఆగదు. నేలపై గడ్డి, ఆకు లేనిచో తొలకరి వానకు మన్ను కొట్టుకొనిపోయి చెరువులలో పూడును. గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టుచున్నది. విజయనగర కాలమున కంభము చెరువును కట్టినది ఆ నదిపైననే. ఆ నీరే కంభము, అద్దంకి సీమల మీదుగా సముద్రమునకు చేరును. కావున అడవిలో రగిలిన నిప్పు మైదానపు రైతునకు పరాయిది కాదు.

ప్లాస్టిక్ సంచులు, సీసాలు మొదలైన వానిని వెంట తీసికొనిపోయినచో, వానిని మరల వెంట తెచ్చుకొనవలెను. వానిని మ్రింగిన దుప్పికి వైద్యుడు లేడు.

మన యింటికి వచ్చిన చుట్టము ఎట్లు మెలగవలెనని కోరుదుమో, అడవిలో మనము అట్లే మెలగవలెను. గుడారము విప్పిన పిమ్మట ఆ చోటును ఒకసారి పరికించి చూడవలెను. వంగిన గడ్డి తప్ప వేరొక గుర్తు కానరాకున్నచో, మరునాడు అచ్చట విడియు యాత్రికుడును, ఆ రాత్రియే అటు పోవు దుప్పియును మనవలన బాధ పొందరు.