ఆటల పెట్టె ఎందుకు మందగిస్తుంది?

ముసలి ఎద్దు నాగలిని మెల్లిగా లాగుతుంది. దాని కండలలో సత్తువ తగ్గుతుంది కనుక అలా జరుగుతుంది. పదేళ్ళనాటి వీడియో గేము యంత్రం మెల్లిగా నడిచినప్పుడు కూడా మనం అలాగే అనుకుంటాం. "పాపం, ముసలిదైపోయింది, ఇక కొత్తది కొనవలసిందే," అంటాం. ఎద్దు విషయంలో ఆ మాట నిజమే గాని, యంత్రం విషయంలో చాలావరకు నిజం కాదు.

సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ 4 ను చూడండి. ఇది 2013 నవంబరులో అమెరికాలో బయటికి వచ్చింది. మరుసటి జనవరిలో మన దేశానికి వచ్చినప్పుడు దాని వెల 39,990 రూపాయలు. ప్రపంచం మొత్తం మీద 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2020 లో ప్లేస్టేషన్ 5 వచ్చినా, పాత పెట్టె ఇంకా ఎన్నో ఇళ్ళలో టీవీ కింద కూచుని ఉన్నది.

ఈ పెట్టెకు మెదడు లాంటిది ప్రాసెసరు. అందులో 8 కోర్లున్నాయి. సన్నాయివాడికి డోలు దెబ్బ ఎలాగో, వీటికి ఒక గడియారపు దెబ్బ అలాగ. ఆ దెబ్బ సెకనుకు 160 కోట్ల సార్లు పడుతుంది. కొన్ననాడు ఎంతో ఈనాడూ అంతే. మరి పెట్టె మందగించిన మాట అబద్ధమా? అబద్ధం కాదు. అయితే చాలాసార్లు లోపం మెదడులో ఉండదు, సామాను దాచే కొట్టులో ఉంటుంది.

ఆ కొట్టు పేరు హార్డ్ డిస్క్. గ్రామఫోను రికార్డులాగా దానిలో ఒక పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. వేగం నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90. పళ్ళేనికి తగలకుండా దాని పైన ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతుంది. ఆటకు ఒక బొమ్మ కావలసివస్తే ఈ చెయ్యి సరి అయిన చోటికి జరగాలి. ఆ బొమ్మ ఉన్న భాగం తిరిగి తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి. ఇందుకు సెకనులో నూరోవంతో, కొంచెం ఎక్కువో పడుతుంది. మనకది రెప్పపాటు కూడా కాదు. కాని ఆ నూరోవంతులో మెదడుకు 1 కోటి 60 లక్షల దెబ్బలు పడిపోతాయి! ఒక్కొక్క ఆటలో ఇలా తెచ్చుకోవలసిన ముక్కలు వేలకొద్దీ ఉంటాయి. మీరు తెర ముందు కూచుని ఆవులించేది ఈ సమయంలోనే.

సరే, కొత్తలోనూ ఇదే డిస్కు ఉన్నది కదా, ఇప్పుడే ఎందుకు ఎక్కువ మందగించింది? లైబ్రరీలో పుస్తకాల రిజిస్టరు ఉంటుంది. ఏళ్ళ తరబడి పుస్తకాలు వస్తూ పోతూ ఉంటే, రిజిస్టరులో కొట్టివేతలు పెరుగుతాయి. లేని పుస్తకాల పేర్లు మిగిలిపోతాయి. అప్పుడు ఒక పుస్తకం వెతకటానికి లైబ్రేరియనుకు పూట పడుతుంది. ఈ పెట్టెలోనూ అలాంటి రిజిస్టరు ఒకటి ఉన్నది. మీరు వేసిన ఆటలు, తీసేసిన ఆటలు, దాచుకున్న ఫొటోలు అన్నిటి లెక్కా అందులోనే ఉంటుంది. అది చిందరవందర అయితే మొదటి తెర రావటమే ఆలస్యమవుతుంది.

దాన్ని తిరగరాయించవచ్చు. ముందుగా పెట్టెను పూర్తిగా ఆపాలి. తరవాత పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కగానే ఒక బీప్ వినిపిస్తుంది, సుమారు 7 సెకన్లకు రెండోది వినిపిస్తుంది. అప్పుడు వేలు తియ్యాలి. కంట్రోలరును తీగతో కలిపితే తెర మీద ఒక పట్టీ కనిపిస్తుంది. అందులో 5 వది రిజిస్టరు తిరగరాసేది. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కొన్ని గంటలూ పట్టవచ్చు. మధ్యలో కరెంటు తియ్యకూడదు.

ఇక్కడ ఒక గండం ఉన్నది. 5 కిందనే 6, 7 ఉన్నాయి. ఆ రెండూ డిస్కునంతా తుడిచేస్తాయి. అన్నయ్య మూడేళ్ళు ఆడి దాచుకున్న ఆట ఒక్క వేలి తప్పుతో పోతుంది; తిరిగి రాదు. అందుకని ఈ పని మొదలుపెట్టకముందే, సెట్టింగులలోకి వెళ్ళి, దాచుకున్న ఆటలను ఒక పెన్ డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. ఆ పని పెద్దవాళ్ళు పక్కన ఉండగా చెయ్యటం మంచిది.

డిస్కు నిండిపోవటం మరొక ఇబ్బంది. ఒక ఆటకు సవరణ వచ్చినప్పుడు ఈ యంత్రం ఆ ఆటనంతా మరొకసారి రాసుకుంటుంది. కనుక 40 గిగాబైట్ల ఆటకు చిన్న సవరణ వచ్చినా, దాదాపు మరో 40 గిగాబైట్ల చోటు కావాలి. ఆడని ఆటలు తీసేస్తే దానికి ఊపిరి ఆడుతుంది.

ఇక రొద. ఆడుతూండగా ఫాను విమానంలాగా హోరుమంటే, దుమ్ము పేరుకున్నదన్నమాట. వేడి బయటికి పోక, చివరకు యంత్రం తెర మీద హెచ్చరిక చూపి ఆగిపోతుంది. కొందరు దుమ్ము పడకుండా పెట్టె మీద అల్లిక గుడ్డ కప్పి, అలాగే ఆడతారు. పెట్టెకు గాలి ఆడే దారి మూసేసినట్టే! ప్లగ్ తీసి, మెత్తని కుంచెతో కంతలను తుడిస్తే చాలు. నోటితో ఊదకండి, తేమ లోపలికి పోతుంది. లోపల కరెంటు భాగాలున్నాయి కనుక పెట్టెను విప్పటం పిల్లల పని కాదు.

ఎంత చేసినా తీరని మందం కూడా ఒకటున్నది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే ఆట వచ్చింది. పాత ప్లేస్టేషన్ 4 మీద అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరగ్గానే సోనీవారు తమ అంగడిలోనుంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇస్తామన్నారు. ఆరు నెలల తరవాతగాని మళ్ళీ పెట్టలేదు. అప్పుడు తుడిచినా దులిపినా ప్రయోజనం ఏముంటుంది? బరువు బండికి మించినది.

డిస్కునే మార్చేద్దామనుకునేవారికి ఎస్.ఎస్.డి. అనేది దొరుకుతుంది. అందులో తిరిగే పళ్ళెం లేదు కనుక ఆగవలసిన పనీ లేదు. ఆటలు త్వరగా తెరుచుకుంటాయి. కాని తెరుచుకున్న తరవాత ఆట నడిచే వేగం పెద్దగా మారదు. కొనేముందు ఇది తెలుసుకోవాలి. రెండున్నర అంగుళాల రకం, 9.5 మిల్లీమీటర్ల మందం మించనిది తీసుకోవాలి. మొదటి రకం పెట్టెకు ఎడమవైపు మెరిసే మూత జరిపితే ఒక మర కనిపిస్తుంది. దాని తల మీద కంట్రోలరు మీద ఉన్న నాలుగు గుర్తులే ఉంటాయి. ఆ ఒక్క మర తీస్తే డిస్కు చట్రంతో సహా బయటికి వస్తుంది. కొత్తదానిలో ఏమీ ఉండదు కనుక, సోనీవారి వెబ్‌సైటు నుంచి సిస్టం సాఫ్ట్‌వేరును పెన్ డ్రైవులో తెచ్చి ఎక్కించాలి. అక్కడ రెండు ఫైళ్ళు ఉంటాయి. చిన్నది పాత డిస్కుకు సవరణ మాత్రమే. ఖాళీ డిస్కుకు కావలసినది పెద్దది.