ఘాటు రోడ్డు దిగునపుడు

నేఁడు మనలో ననేకులు స్వయముగాఁ గారు నడుపుచున్నారు. తిరుమల కొండకు 1944లో నేర్పడిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగుటకును, 1974లో నేర్పడిన రెండవది యెక్కుటకును వినియోగపడుచున్నవి. ఎక్కుటకంటె దిగుటయందే మిక్కిలి మెలకువ వలయునని మేము విన్నవించుచున్నాము.

పెట్రోలు మిగులునని కొందఱు పల్లమున గేరు తప్పించి, న్యూట్రలులో బండిని జాఱవిడుతురు. ఇది ప్రాణాపాయకరము. అప్పుడు భారమంతయు బ్రేకులమీఁదనే పడును. ఎడతెగక త్రొక్కిన బ్రేకులు కాఁగి పట్టు సడలును. బ్రేకునూనె మఱిగి యావిరియైనచో పెడలు మెత్తబడి లోనికిఁ బోవును. పెట్రోలు మిగులుటయు భ్రమయే. నేఁటి కార్లలో గేరు వేసియుంచి యాక్సిలరేటరు వదలినచో ఇంజనునకుఁ బెట్రోలు తనంతఁ దానే నిలిచిపోవును. న్యూట్రలులోనైనచో ఖర్చగుచునే యుండును.

కావున పల్లమునకు ముందే బ్రేకుతో వేగము తగ్గించి, క్లచ్చి త్రొక్కి, యొక గేరు దించి, క్లచ్చిని మెల్లగా విడువవలెను. అప్పుడు ఇంజనే చక్రములను బిగఁబట్టును. చాలనిచో మఱియొక గేరు దింపవచ్చును. ఐదవ గేరునుండి యొక్కపెట్టున మొదటిదానికి దుముకరాదు. ఇంజను మితిమీఱి తిరిగి చెడును. క్లచ్చిని త్రొక్కి పట్టియుంచుటయు న్యూట్రలుతో సమానమే. గేరుతో నెమ్మదించునపుడు వెనుక బ్రేకుదీపము వెలుఁగదు గనుక, బ్రేకును తేలికగాఁ దాఁకి వెనుకవారికిఁ దెలుపవలయును.

వెనుక సీటులో నిద్రించు పసివారి ప్రాణములు గేరు పట్టిన మన యెడమచేతియందున్నవి. గ్రుక్కెఁడు పెట్రోలు కొఱకు వానిని పణముగా నొడ్డఁదగునా?