గోడ మీది నంబరు పిల్లల చేతికి అందాలి



బడిలో పిల్లవాడికి జ్వరం వస్తే ఏం చేయాలో అందరికీ తెలుసు. మాత్ర ఇస్తారు, ఇంటికి ఫోన్ చేస్తారు, అవసరమైతే ఆసుపత్రికి తీసుకువస్తారు. అదే పిల్లవాడికి మనసు విరిగిపోయి, "ఇక బతికి ఏం లాభం" అనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఎన్నో వేల మంది పిల్లలు హాస్టళ్ళలో ఉండి ఇంటర్, నీట్, ఈఏపీసెట్ లాంటి పరీక్షలకు చదువుతున్నారు. ఈ ప్రశ్నకు జవాబు వారిలో ప్రతి ఒక్కరికీ ముందే తెలిసి ఉండాలి.

సహాయం ఉంది

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న 'టెలి మానస్' అనే ఫోన్ సేవను ప్రారంభించింది. దాని నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ ముందు మనం చెప్పేది వింటారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి దారి చూపుతారు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు 1098 నంబరు కూడా ఉంది. ప్రాణాపాయం ఎదురైతే 108 లేదా 112.

మరి ఎందుకు అందడం లేదు?

చాలా హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. నంబరు కాగితం ఆఫీసు గదిలో ఎక్కడో అతికించి ఉంటుంది. ఫోన్ అడిగితే "ఎవరికి? ఎందుకు?" అని వార్డెను అడుగుతారు. నిజం చెబితే పిచ్చి అంటారేమో, ఇంటికి పంపేస్తారేమో, కట్టిన ఫీజు పోయి నాన్న బాధపడతాడేమో అని పిల్లవాడు నోరు మూసుకుంటాడు. నంబరు ఉంది, పిల్లవాడు ఉన్నాడు, మధ్యలో దారి లేదు. ఆ దారి వేయవలసింది పెద్దలమైన మనమే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2023 జూలైలో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ళ విద్యార్థిని మరణించింది. న్యాయం కోసం ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే వరకు వీటిని పాటించాలని చెప్పింది. వాటిలో ముఖ్యమైనవి:

- 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలి. చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి.
- టెలి మానస్ వంటి సహాయ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.
- ఉపాధ్యాయులకు, ఇతర సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.
- మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదు.

మీ బిడ్డను చేర్పించే రోజు ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడుగుతారు కదా. కౌన్సెలర్ ఎవరు, ఆ నంబరు ఎక్కడ రాసి ఉంది అని కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది.

బడులు నడిపేవారికి మా మనవి

నంబరును పిల్లలు ఒంటరిగా చూడగలిగే చోట పెట్టండి: బాత్‌రూము తలుపు లోపలి వైపు, హాస్టల్ మెట్ల దగ్గర, డైరీ మొదటి పేజీలో. కారణం చెప్పకుండా వాడుకోగలిగే ఫోన్ ఒకటి ఉంచండి. పిల్లలు నమ్మే టీచరు ఒకరిని చూపించి, "ఏ వేళైనా వీరితో చెప్పవచ్చు" అని అసెంబ్లీలో ప్రకటించండి. ఆ టీచరు తిట్టకుండా వినాలి. అయితే ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. "నీకు సహాయం చేయగలవారికి మాత్రమే చెబుతాను" అనాలి. పిల్లవాణ్ణి ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకువెళ్ళాలో ముందే నిర్ణయించుకోండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వారికి వేలూరు సి.ఎం.సి. వారి మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది.

తల్లిదండ్రులకు

నిద్ర, తిండి తగ్గడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు హాయి" అనడం – వీటిని తేలికగా తీసుకోకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు. అడిగితే బిడ్డ గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి, ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఎప్పుడూ తాళం వేసి ఉంచండి. తట్టుకోలేని ఆ గడియ దాటితే చాలామంది మళ్ళీ బతుకు వైపు తిరుగుతారు.

పోలీసు కేసు అవుతుందని చికిత్స ఆలస్యం చేయవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి, శిక్షించరాదు. వారికి వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత.

ఏలీయాను గుర్తు చేసుకుందాం

అంత గొప్ప ప్రవక్త అయిన ఏలీయా కూడా అరణ్యంలో చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, తర్వాత మాట్లాడాడు. చివరకు ఎలీషాను తోడుగా ఇచ్చాడు. కుంగిపోయిన బిడ్డకు ప్రార్థనతో పాటు అన్నం, నిద్ర, వైద్యం, తోడు కావాలి. విశ్వాసం తక్కువైందని నిందించడం కాదు.

ఈ ఆదివారం మీ సండే స్కూలు గోడ మీద 14416 పెద్ద అక్షరాలతో రాయించండి. అది ఏ నంబరో పిల్లలకు మీ నోటితోనే చెప్పండి. ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక.