పాత లాయం, కొత్త కొలతలు

1952లో హెల్సింకి ఒలింపిక్స్ అశ్వారోహణ పోటీలో రజత పతకం గెలుచుకున్న డెన్మార్క్ వనిత లిస్ హార్టెల్‌కు మోకాళ్ళ దిగువన కాళ్ళు పనిచేయవు. 1944లో సోకిన పోలియో ఫలితమది. జీనుపై కూర్చున్నాక ఆమెకు సాటి వచ్చేవారు అరుదు. గుర్రం ఎక్కడానికి, దిగడానికి మాత్రం మరొకరు పట్టుకోవలసిందే. వికలాంగుల స్వారీ కోసం పాత గుర్రపు లాయాన్ని బాగుచేయదలచిన ఏ స్వచ్ఛంద సంస్థ అయినా ముందుగా లెక్క చూసుకోవలసినది ఈ ఎక్కడం, దిగడం గురించే.

ఈ తరహా స్వారీకి వ్యవస్థీకృత రూపం ఇచ్చిన దేశాలలో బ్రిటన్ ముఖ్యమైనది. అక్కడ 1964లో ఏర్పడిన సలహా మండలి 1969లో 'రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్'గా మారింది. నడుస్తున్న గుర్రం వీపు కదలిక, మనిషి నడకలో నడుముకు కలిగే కదలికను పోలి ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలలో నిటారుగా కూర్చునే శక్తి, సమతూకం ఇందువల్ల మెరుగుపడినట్లు పలు అధ్యయనాలు తెలిపాయి. వాటిలో అధికభాగం కొద్దిమందిపై జరిగినవే. కనుక దీనిని చికిత్సకు తోడుగానే పరిగణించాలి తప్ప ప్రత్యామ్నాయంగా కాదు. వైద్యుడు, ఫిజియోథెరపిస్టు చేరువలో ఉండటం తప్పనిసరి.

ఆ దృష్టితో చూస్తే పుదుచ్చేరిలోని గోరిమేడు అనువైన ప్రదేశమే. జిప్మెర్ ఆసుపత్రి ఉన్నది ఇక్కడే. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా పొందిన ఈ ఆసుపత్రి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న యానాం తెలుగువారికీ పరిచితమే. అశ్వాలు కూడా ఈ ప్రాంతానికి కొత్త కావు. సమీపంలోని ఆరోవిల్ వద్ద స్వారీ పాఠశాల ఉంది. ఇటువంటి చోట ఒక పాత లాయం దొరికిందనుకుంటే, దానిలో మార్చవలసినవి ఏమిటి?

మొదటిది వాలుదారి. గుర్రం వీపు దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న బిడ్డను నేరుగా జీనుపైకి చేర్చాలంటే మూడడుగుల వేదిక అవసరం. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశ మార్గదర్శక సూత్రాలు పేర్కొన్న ప్రమాణం. అంటే వాలుకే 36 అడుగులు. నడుమ ఆగేందుకొక చదును, పైన కుర్చీ తిప్పేందుకొక చదును కలిపితే 46 అడుగులు. సామాన్యమైన లాయం ముంగిట అంత చోటు ఉండదు. దారిని మధ్యలో మలుపు తిప్పవలసి వస్తుంది. గుర్రాన్నే గోతిలోకి దించి నిలిపే పద్ధతి కూడా ఉంది గాని, ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇక్కడ ఆ గొయ్యి చెరువవుతుంది.

రెండవది గోడ. దశాబ్దాల పాటు గుర్రాల మూత్రం ఇంకిన గోడలలో సురేకారం వంటి లవణాలు పేరుకుంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుందని వాటిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. లవణాలు పొంగి పూత పెచ్చులుగా రాలుతుంది. పాత పూతను ఒలిచి, గోడను ఆరనిచ్చి, సున్నంతోనే మళ్ళీ పూయాలి. ఇది నెలల తరబడి సాగే పని. ప్రారంభోత్సవ తేదీ ముందే ఖరారు చేసుకున్నవారికి రుచించని సంగతి. పాత కట్టడాల పట్ల ఉపేక్ష ఎంతకు దారితీస్తుందో పుదుచ్చేరికి తెలియనిది కాదు. ఫ్రెంచి కాలపు మేరీ భవనం 2014 వర్షాలలో కూలిపోగా, పునర్నిర్మాణం ముగిసి ప్రారంభమయ్యేసరికి 2021 వచ్చింది.

పైకప్పు దాపున ఉన్న గాలి కిటికీలను ఏ కారణంచేతనైనా మూయరాదు. మూత్రం నుండి వెలువడే అమ్మోనియా గుర్రానికీ, పిల్లలకూ కూడా హానికరం. నునుపైన రాతి నేలపై ఊతకర్రలు జారుతాయి గనుక గరుకైన పరుపు వేయాలి. గుర్రం కోసం నిర్మించిన నాలుగడుగుల తలుపులు మాత్రం చక్రాల కుర్చీకి చక్కగా సరిపోతాయి. పాత లాయం ఉచితంగా ఇచ్చే సౌకర్యం ఇదొక్కటే కావచ్చు.

అసలు భారం భవనం పూర్తయ్యాక మొదలవుతుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల గడ్డి, దాణా. ముప్పై లీటర్లకు తక్కువకాని నీరు కావాలి. స్వారీ వేళ కళ్ళెం పట్టి నడిపేందుకు ఒకరు, చెరొక పక్కన ఆసరాగా ఇద్దరు, అంటే ఒక్క బిడ్డకు ముగ్గురు. గోడకు సున్నం వేయించిన దాత పేరు శిలాఫలకంపై చెక్కించవచ్చు. ఉలవల బస్తాపై ఎవరి పేరు చెక్కించగలం? విదేశాలలో స్వచ్ఛంద సేవకులతో నెట్టుకొస్తున్న ఈ ఖర్చుకు ఇక్కడ ఏటా నిధి ఏర్పాటు చేసుకోనిదే తాపీమేస్త్రీని పిలవడం తొందరపాటే అవుతుంది.

ఆరోగ్య జాగ్రత్తలు సరేసరి. గుర్రాల నుండి మనుషులకు సోకగల గ్లాండర్స్ వ్యాధికి టీకా లేదు. రక్త పరీక్షలే శరణ్యం. లాయంలోకి వచ్చే ప్రతి బిడ్డకూ ధనుర్వాతం టీకా వేసి ఉండాలి. ఇక ఒక్కో గుర్రం రోజూ వేసే లద్దె ఇంచుమించు ఇరవై కిలోలు. ఆసుపత్రులున్న పేటలో అది రెండు రోజులు నిలిచినా ఈగలు ముసురుతాయి. లద్దె గుంత ఎక్కడ, దానిని తీసుకుపోయే బండి ఏ దారిన వస్తుందన్నది వాలుదారితోపాటే తొలి నక్షాలో గీసుకోవలసి ఉంటుంది.