ముక్కుకు వేసిన మార్కులు

ముక్కున్నంతకాలం పడిశం తప్పదంటారు పెద్దలు. మా రుద్రూర్‌లో వరికోతల దుమ్ము లేచిందంటే నాకు పడిశంతో పోయేది కాదు, ఊపిరికే కరువు. రాత్రంతా నోరు తెరుచుకుని పడుకోవడం, తెల్లవారేసరికి గొంతు పిడచకట్టుకుపోవడం. ముక్కులో రెండు రంధ్రాల నడుమ గోడ వంకరగా ఉన్నదనీ, ఆపరేషను చేసి సరిచేయాలనీ అన్నారు డాక్టరుగారు.

ఆపరేషనుకు ముందు ఆయన నా చేతికొక కాగితం ఇచ్చారు. అయిదే ప్రశ్నలు. గడచిన నెలలో ముక్కు బిగిసిందా? మూసుకుపోయిందా? ముక్కుతో గాలి పీల్చడం కష్టమైందా? నిద్రకు ఇబ్బందా? శ్రమపడితే గాలి చాలలేదా? బాధ లేకపోతే సున్న, మితిమీరితే నాలుగు. అన్నీ కూడి అయిదుతో హెచ్చవేస్తే నూటికి ఇన్నని తేలుతుంది. నాకు 80 వచ్చాయి. బడిలో ఎన్నడూ రాని మార్కులు! కాని ఈ పరీక్షలో ఎక్కువ మార్కులంటే ఎక్కువ బాధ అన్నమాట.

“లోపలికి దీపం వేసి చూసేవారు మీరుండగా నన్నడగడం ఎందుకండీ?” అన్నాను.

“గోడ తిన్నగా ఉన్నదీ లేనిదీ నేను చూడగలను. గాలి హాయిగా ఆడుతున్నదీ లేనిదీ మీరే చెప్పాలి” అన్నారాయన.

పిప్పరమెంటు బిళ్ళ చప్పరించి చూడండి. ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది. నిజానికి దారి వీసమెత్తు వెడల్పు కాదు. లోపలి నరాలకు చల్లదనం తగులుతుంది, అంతే. కనుక దారి కొలత వేరు, హాయి కొలత వేరు. అందుకే 2004లో అమెరికాలో మైకేల్ స్టూవర్టు, ఆయన తోటి వైద్యులు ఈ అయిదు ప్రశ్నలను ప్రకటించారు. పేరు ‘నోస్’. సైనసు రోగులకైతే ‘స్నాట్-22’ అని ఇరవైరెండు ప్రశ్నలున్నాయి. వాటి మొత్తం 110.

ఆపరేషనైన మూడు నెలలకు మళ్ళీ అదే కాగితం. “గోడ చక్కగా కుదిరింది” అని డాక్టరుగారు సంతోషించారు. అంత మంచి మనిషిని నొప్పించడమెందుకని అన్నిటికీ సున్నలు చుట్టబోయాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“నిద్ర కాడ సున్న ఎట్ల పెడతరు? గురక పెట్టుకుంట పెట్టుకుంట నడుమ ఊపిరే ఆగుతది. నేను లేచి కూసుంట!”

సిగ్గుపడి నిజం రాశాను. నాలుగు ప్రశ్నలకు ఒక్కొక్కటి, నిద్రకు మూడు. మొత్తం 35. ఎనభై ఎక్కడ, ముప్ఫై అయిదు ఎక్కడ! అయినా డాక్టరుగారు ఆ మూడు దగ్గరే ఆగిపోయి, నిద్రలో ఊపిరి పరీక్ష రాశారు. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు వేరే ఉన్నదని తేలింది. ముక్కు గోడ సరిచేసినంతమాత్రాన అది పోయేది కాదట. ఇప్పుడు రాత్రిపూట గాలి అందించే యంత్రం ముక్కుకు తగిలించుకుని పడుకుంటున్నాను. మా ఆవిడా నిద్రపోతున్నది.

మీ ఇంట్లో ఎవరికైనా ముక్కు ఆపరేషను జరిగితే, ముందూ వెనకా ఇటువంటి కాగితం అడిగి తీసుకోండి. డాక్టరుగారి దగ్గర మొహమాటపడి మార్కులు తగ్గించకండి. పక్కన పడుకునేవారిని కూడా ఒకమాట అడిగి మరీ నింపండి.