మడమ నొప్పికి మెత్తని చెప్పు

చిత్తూరు: పొద్దున మంచం దిగి అడుగు వేయగానే మడమలో సూదులు గుచ్చినట్లు నొప్పి. నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకుంటుంది. గచ్చు మీద చాలాసేపు నిలబడితే మళ్లీ మొదలు. పల్లెల్లో ఎందరినో వేధిస్తున్న ఈ బాధకు ఎం.సి.ఆర్. చెప్పులు కొంత ఉపశమనమిస్తాయి.

ఎం.సి.ఆర్. అంటే లోపల సన్నని గాలి బుడగలున్న మెత్తని రబ్బరు. అడుగు పడితే స్ప్రింగులా అణిగి, ఎత్తగానే పైకి లేస్తుంది. దాంతో ఒంటి బరువు ఒకేచోట పడక పాదమంతా పరుచుకుంటుంది.

ఈ చెప్పుకు మన పొరుగునే చరిత్ర ఉంది. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల అరికాలి పుండ్లపై పరిశోధన చేశారు. స్పర్శ లేని పాదంపై ఒకేచోట పడే ఒత్తిడే పుండుకు మూలమని చూపారు. దగ్గరలోని కరిగిరి కుష్ఠు వైద్య కేంద్రంలోనూ రోగులకు ఈ రబ్బరు చెప్పులు అలవాటు చేశారు. నేడు చక్కెర వ్యాధితో పాదాలు మొద్దుబారినవారికీ వైద్యులు వీటిని సూచిస్తున్నారు.

కొనేటప్పుడు అడుగున గట్టి రబ్బరు ఉందో లేదో చూడాలి. లేకుంటే ముల్లు దిగుతుంది. మేకులు కొట్టినవి వద్దు. స్పర్శ తగ్గినవారికి మడమ వెనుక పట్టీ ఉండాలి. బొటనవేలితో నొక్కితే అణిగిన రబ్బరు తిరిగి లేవకపోతే చెప్పులు మార్చాలి.

అయితే చెప్పు మందు కాదు. నడుము నొప్పికి అదొక్కటే చాలదు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి పట్టినా, పాదంపై పుండు పడినా వెంటనే వైద్యునికి చూపించుకోవాలి. మొద్దుబారిన పాదానికి గాయమైనా తెలియదు కనుక రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవడం మరువరాదు.