అంధునకు దారి చూపు కుక్క – ప్రజల కర్తవ్యము

పుదుచ్చేరి పట్టణమున నెల్లితోపు అను పేట కలదు. తమిళమున నెల్లి యనగా ఉసిరిక. తోపు మనకును తెలిసిన మాటయే. పేరు చెట్లను తలపించుచున్నను, నేడచ్చట కానవచ్చునవి ఇండ్లు, అంగళ్లు, ఎడతెగని వాహనములు. పట్టణపు బస్సు నిలయము సమీపముననే యున్నది. మన పట్టణములందలి పేటలన్నిటివలెనే యిచ్చటను, నడచువాడు ఆగియున్న మోటారు సైకిలును తప్పుకొనుచు, తోపుడు బండిని చుట్టివచ్చుచు, దారిలో పడుకొన్న వీధికుక్కను దాటుచు పోవలసియుండును. కన్నులున్నవారికే యింత జాగ్రత్త కావలసిన దారిని చూపులేనివారు ఎట్లు దాటుదురు?

సాధారణముగా వారికి ఆధారము తెల్లకఱ్ఱ. 1931లో పారిస్ నగరమున గియీ డెర్బ్‌మో అను వనిత అంధులకు తెల్లకఱ్ఱలను పంచి, ఆ గుర్తునకు ప్రచారము తెచ్చెను. నాడు పుదుచ్చేరియు ఫ్రెంచివారి పాలనలోనే యుండెను. కఱ్ఱ నేలపైనున్న గుంటను, మెట్టును, రాతిని తెలుపును. కాని తలయెత్తున వ్రేలాడు కొమ్మను, లారీ వెనుక పొడుచుకొని వచ్చిన ఇనుప కడ్డీని తెలుపజాలదు. ఈ కొఱతను తీర్చుటకై శిక్షణ పొందిన కుక్క అంధులకు తోడైనది.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు 50 లక్షలకు పైగా కలరు. అయినను దారి చూపు కుక్కలు మన దేశమున మిక్కిలి అరుదు. కుక్కను పెంచి నేర్పుటకగు ఖర్చు ఒక యడ్డంకి. శిక్షణాలయముల కొఱత రెండవది. మన వీధుల స్థితియు, కుక్కలపట్ల మన నడవడియు మూడవది. మొదటి రెండును ప్రభుత్వములు, సంస్థలు చూడవలసినవి. మూడవదానిలో పెద్దభాగము ప్రతి గృహస్థుని చేతిలోనే యున్నది.

కుక్క చేయు పని

అంగడికి పొమ్మనగానే కుక్క యజమానిని అంగడికి కొనిపోవునని పలువురు తలంతురు. అది సరికాదు. దారి తెలిసినవాడు యజమానియే. ఎచ్చట తిరుగవలెనో, ఎప్పుడు వీధి దాటవలెనో అతడే నిర్ణయించి చెప్పును. ఎఱ్ఱదీపము, పచ్చదీపము అర్థము కుక్కకు తెలియదు. వాహనముల చప్పుడు విని సమయము కనుగొనువాడును అతడే. కుక్క పని దారిలోని అడ్డంకులను తప్పించుట, మెట్టువద్ద, వీధి అంచువద్ద ఆగి తెలుపుట. యజమాని ముందుకు నడువుమని ఆజ్ఞాపించిన క్షణమున ఎదుట బండి వచ్చుచున్నచో అది కదలక నిలిచిపోవును. ఆజ్ఞను పాటించుట అనేక కుక్కలకు నేర్పవచ్చును. ప్రమాదమున్నప్పుడు ఆజ్ఞను పాటింపకుండుట నేర్పుటయే ఈ విద్యలోని సారము.

ఇందుకై కుక్కపిల్లను మొదట సుమారు ఒక సంవత్సరము ఒక కుటుంబమున పెంచుదురు. జనసమ్మర్దమునకు, చప్పుళ్లకు అలవాటు చేయుదురు. పిమ్మట నేర్పరులు కొన్ని నెలలు శిక్షణ ఇత్తురు. కడపట అంధుడును కుక్కయు కలిసి కొన్ని వారములు అభ్యసింతురు. వీపునకు పిడిగల తోలుకట్టు కట్టినప్పుడు కుక్క పనిలో నున్నదని తెలియవలెను.

జాతినిబట్టి ఆదరము, జాతినిబట్టి భయము

మొదటి ప్రపంచ యుద్ధమున చూపు కోల్పోయిన సైనికులకై 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గున తొలి శిక్షణాలయము వెలసెను. 1928లో అమెరికా దేశస్థుడగు మారిస్ ఫ్రాంక్ అను అంధ యువకుడు స్విట్జర్లాండునకు పోయి, డొరొతీ యూస్టిస్ అను వనిత వద్ద బడ్డీ అను కుక్కను పొంది, న్యూయార్కులో బండ్లతో నిండిన వీధిని పత్రికా విలేఖరుల యెదుటనే దాటి చూపెను. మఱుసటి సంవత్సరమే అమెరికాలో శిక్షణాలయము స్థాపితమైనది. అయినను రైళ్లలో, హోటళ్లలో కుక్కకు ప్రవేశము లభించుటకు ఫ్రాంకు పెక్కేండ్లు పాటుపడవలసివచ్చెను. కుక్క నేర్చిన దానికంటె ప్రజలు నేర్వవలసినది ఎక్కువైనది.

1931లో ఇంగ్లండునందలి వాలసీ పట్టణమున నలుగురు అంధులకు జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా అను నాలుగు కుక్కలు లభించెను. ఆ నాలుగును జర్మన్ షెపర్డ్ జాతివి. యుద్ధానంతరము జర్మనీ పేరే గిట్టని ఇంగ్లండువారు ఆ జాతికి అల్సేషన్ అని వేఱు పేరు పెట్టిరి. మన దేశమునను ఆ పేరే చిరకాలము వాడుకలో నుండెను. 1977లో గాని అచ్చటి కెనెల్ క్లబ్బు అసలు పేరును తిరిగి అంగీకరింపలేదు. పేరు మారినను కుక్క మారలేదు. మారినది చూచువారి మనస్సు మాత్రమే.

నేడు ఈ పనికి ఎక్కువగా ఎంచుకొనబడునవి లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులు, వాని సంకరములు. వీథిలో లాబ్రడారును చూచిన పిల్లలు నిమురుటకు పరుగెత్తుదురు. జర్మన్ షెపర్డును చూచినవారు ప్రక్కకు తొలగుదురు. నాటుకుక్కను చూచినవారు రాయి తీయుదురు. ఈ మూడును తప్పే. నిమిరినచో కుక్క దృష్టి చెదరి యజమాని గుంటలో పడవచ్చును. భయపడి కేకలు వేసినచో అంధునకు బస్సులో, అంగడిలో చోటు లేకపోవును. రాళ్లు తిన్న కుక్క మనుష్యులను నమ్మదు. కఱ్ఱ పట్టినవారిని చూచి మొఱుగును. ఆ కఱ్ఱ తెల్లకఱ్ఱయని దానికేమి తెలియును?

2022లో సైన్స్ పత్రికయందు ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 18,000కు మించిన కుక్కల నడవడిని పరిశీలించిరి. కుక్కకును కుక్కకును నడవడియందుగల భేదములో జాతివలన కలుగునది నూటికి సుమారు 9 వంతులు మాత్రమేయని తేలినది. దేహబలమును, శిక్షణకు లొంగు గుణమును చూచి కొన్ని వంశములను ఎంచుకొనుట నిజమే. కాని ఆ వంశములందు పుట్టిన కుక్కలలోను అనేకములు ఈ పనికి తగవని మధ్యలోనే తొలగింపబడును. మన దేశమున 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల పెంపకమును నిషేధింపుమని రాష్ట్రములకు సూచించెను. ఏప్రిలులో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. చట్టము మాట ఎట్లున్నను, ఇంటివారు తెలిసికొనవలసినది ఒకటి కలదు. కుక్క మంచిచెడ్డలను నిర్ణయించుటలో పెంపకమునకు, శిక్షణకు, టీకాకు గల స్థానము జాతి పేరునకు లేదు.

వీధికుక్కలు, పిచ్చికుక్క వ్యాధి

దారి చూపు కుక్కకు వీధికుక్కల గుంపు పెద్ద ఆపద. ఒక్కసారి గట్టిగా కఱవబడినచో అది ధైర్యము కోల్పోయి పనికి పనికిరాకపోవచ్చును. అనగా ఒక అంధుడు మరల ఇంట కూర్చుండవలసివచ్చును. కుక్కలను కొట్టి తఱుముట దీనికి మందు కాదు. చెత్తను బహిరంగముగా పాఱవేయకుండుట, కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సయు టీకాయు చేయించుట సరియైన మార్గములు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు ఈ పనిని స్థానిక సంస్థలకు అప్పగించినవి.

వెఱ్ఱికుక్క వ్యాధి జాతిభేదము నెఱుగదు. వేల రూపాయలు పోసి కొన్న కుక్కయైనను టీకా లేనిచో వీధికుక్కవలెనే ప్రమాదకరము. మొఱిగెడి కుక్క కఱవదను సామెతను నమ్మరాదు. కుక్క కఱచినను, గీరినను గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలలో టీకాలన్నియు వేయించుకొనవలెను. పూర్వమువలె పొట్టలో సూదులు నేడు లేవు. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము.

ప్రజలు పాటింపవలసిన నియమములు

1. తోలుకట్టు కట్టియున్న కుక్కను పిలువరాదు, నిమురరాదు, దానికి తిండి పెట్టరాదు.

2. సహాయము చేయదలచినచో కుక్కతో గాక మనిషితో మాటాడవలెను. "అయ్యా, సహాయము కావలెనా?" యని అడిగి, ఆయన సరేయన్న పిమ్మటనే చేయి అందింపవలెను. కట్టు పిడిని పట్టి లాగరాదు.

3. అంగడివారు, బస్సువారు, హోటలువారు కుక్క జాతిని, పరిమాణమును చూచి అంధుని వెనుకకు పంపరాదు. కుక్క అతనికి కన్నుల వంటిది.

4. పెంపుడు కుక్కను వీధిలోనికి త్రాడు లేక వదలరాదు. దానికి ఏటేట వెఱ్ఱికుక్క వ్యాధి టీకా వేయింపవలెను. పుదుచ్చేరివారికి కురుంబపేటలో పశువైద్య విద్యాలయమే కలదు.

5. కాలిబాటపై బండ్లను నిలుపరాదు, సరుకులను పేర్చరాదు.

6. ఏ కుక్కపైనను రాళ్లు రువ్వరాదని పిల్లలకు ఇంటను, బడిలోను నేర్పవలెను.

ఈ ఆరింటిలో కొన్నిటికి ఖర్చే లేదు. మిగిలినవానికి కావలసినది స్వల్పము. నెల్లితోపు వీధిలో శిక్షణ పొందిన కుక్క ఎన్నడు అడుగిడునో చెప్పజాలము. కాని తెల్లకఱ్ఱతో నడచువారు నేడే యున్నారు. వారికై బాటను ఖాళీగా నుంచుటయు, వీధికుక్కలకు టీకా వేయించుటయు, పిల్లలకు ఓర్పు నేర్పుటయు నేడే చేయదగిన పనులు. అవి జరిగిన వీధి తెల్లకఱ్ఱకు క్షేమకరము. దారి చూపు కుక్క వచ్చిన నాడు దానికిని క్షేమకరము.